చిన్నాదేవి: కథయు, శాసనమును

తిరుమలలో శ్రీవారి ఆలయ మహాద్వారమును దాటినంతనే కుడిప్రక్కన నొక మండపము కలదు. దానిని కృష్ణరాయమండపమనియు, ప్రతిమామండపమనియు వ్యవహరింతురు. అందు శ్రీకృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలిచియున్నాడు. ఆయన కిరుప్రక్కల తిరుమలదేవియు, చిన్నాదేవియు అదే తీరున అంజలి ఘటించి యున్నారు. అవి రాగి ప్రతిమలు. పేళ్లు వానిమీదనే చెక్కబడి యున్నవి గనుక ఎవరెవరన్న సంశయమునకు తావు లేదు. యాత్రికులు గోవిందనామము పలుకుచు ఆ మండపము ప్రక్కనుండియే సాగిపోవుదురు. చరిత్ర కొంత యెఱిగినవారు రాయలను గుర్తింతురు. తిరుమలదేవి శ్రీరంగపట్టణపు రాచబిడ్డ యని చెప్పగలవారును ఉందురు. మూడవ ప్రతిమనుగూర్చి మాత్రము మనవారు గొంతు తగ్గించి మాటలాడుదురు.

ఏలయన, చిన్నాదేవి వివాహమునకు పూర్వము ఆటపాటల వృత్తిలోని స్త్రీ యని ప్రసిద్ధి. నాటకకర్తలకును, చలనచిత్రములు తీయువారికిని, గాథలు చెప్పు పెద్దలకును ఈమె వృత్తాంతము మిక్కిలి ప్రియమైనది. సేనాపతి కుమారుడు, నర్తకి, రహస్యముగా సాగిన ప్రేమ, ఒక వాగ్దానము, నడుమ నొక బుద్ధిశాలియైన మంత్రి - కథకు కావలసిన సంభారము లన్నియు నిందున్నవి. అయితే ఎవరు చెప్పినను కథ ముగియు తీరు ఒక్కటే. రాయలు మాట తప్పలేదు, ఆహా, ఎంత యుదారుడు! వినువారును తృప్తిపడి లేతురు. చిన్నాదేవి కథ యని మొదలిడినది రాయల కథగా ముగిసినదని ఎవరికిని తోచదు. ఇది యెట్లు జరిగినదో విమర్శించి చూచుట యావశ్యకమని నా యభిప్రాయము. ఆమె శీలమును విచారించుట నా పని గాదు. ఆ కథ చెప్పినవారి తీరును విచారించుటయే నా పని.

ముందుగా ఒక సంగతి గమనింపవలెను. తుళువ నరసనాయకుడు రాజుగా పుట్టినవాడు కాడు. చంద్రగిరి నేలి, పిమ్మట విజయనగర సింహాసనము నధిష్ఠించిన సాళువ నరసింహునికి ఆయన సేనాధిపతి. ప్రభువు 1491లో గతింపగా, బాలులైన రాజకుమారులకు సంరక్షకుడై రాజ్యభారము వహించెను. నరసనాయకుని పెద్దకుమారుడు వీరనరసింహరాయలు. సవతితమ్ముడైన కృష్ణరాయలు 1509లో సింహాసనమునకు వచ్చెను. కాబట్టి చిన్నాదేవి ప్రేమించినది చక్రవర్తిని గాదు. రాజ్యము దక్కునో దక్కదో తెలియని, కత్తిపట్టి బ్రతుకు కుటుంబమునకు చెందిన యొక యువకుని. రాజు నాశ్రయించి పైకి వచ్చిన స్త్రీ యని ఆమెను తేలికచేసి మాటలాడువారు ఈ కాలక్రమమును మఱచుచున్నారు.

ఇక కథకు మూలము. మూలము మన కవులు గారు. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు దేశీయులిరువురు దీనిని వ్రాసిరి. డొమింగో పేస్ అనువాడు 1520 ప్రాంతమున రాయలు జీవించియుండగనే నగరమును చూచెను. గుఱ్ఱముల వర్తకుడైన ఫెర్నావో నూనిజ్ అనువాడు రాయల యనంతరము, అచ్యుతరాయల కాలమున, 1535 ప్రాంతమున తన వృత్తాంతమును వ్రాసెను. ఈ రెండు వ్రాతలును 1897లో లిస్బనునగరమున అచ్చుపడినవి. రాబర్టు స్యూయల్ దొర 1900లో వాని నాంగ్లీకరించి తన విజయనగర చరిత్రమున చేర్చెను. నాటినుండియే మనవారికి చిన్నాదేవి కథ గ్రంథస్థముగా తెలిసినది.

ఇరువురును ఆమెను వేశ్య యనియే పేర్కొనిరి. నర్తకి యనుట మన సంప్రదాయము. దీనిలో విరోధ మేమియు లేదు. పేస్ దేవాలయములలో నాట్యమాడు స్త్రీలనుగూర్చి వ్రాసినప్పుడును ఇట్టి మాటలనే వాడెను. సముద్రము దాటి వచ్చిన ఆ క్రైస్తవునికి వివాహము లేక, కళ నభ్యసించి, స్వతంత్రముగా ఇల్లు నడుపు స్త్రీని చెప్పుటకు మఱియొక మాట లేకపోయెను. మనకు పదుగురు పదిమాటలు చెప్పినను, మనసులో నున్నది ఆ యొక్క మాటయే గదా!

అయినను పేస్ వ్రాసినదానికిని, నూనిజ్ వ్రాసినదానికిని ఒక్క ముఖ్యమైన భేదము కలదు. చదువరులు దీనిని శ్రద్ధతో గమనింపగోరెదను. పేస్ కొద్దిమాటలలోనే ముగించెను. రాయల ముఖ్యమైన దేవేరులు ముగ్గురిలో నొకతె ఆయన యౌవనమునాటి ప్రియురాలనియు, తాను రాజైనచో తన్ను భార్యగా స్వీకరింపవలెనని ఆమె ఆయనచేత మాట తీసికొనెననియు, ఆ ప్రకారమే ఆమె రాణి యయ్యెననియు అతడు చెప్పెను. ఇక్కడ మాట యడిగినది ఆమె. షరతు పెట్టినది ఆమె. రాయలు ఆ షరతున కొప్పుకొన్నవాడు మాత్రమే.

పదునైదేండ్ల తరువాత వ్రాసిన నూనిజ్ చేతిలో కథ పెరిగినది. ఆమెకు పేరు వచ్చినది. రాత్రులందు రాజు రహస్యముగా నగరు విడిచి ఆమె యింటికి పోవుటయు, తిమ్మరుసు వెంబడించి పట్టుకొని మందలించుటయు వచ్చినవి. కాని మాట యడిగిన ఆమె నోరు మూతపడినది. నూనిజ్ చెప్పినదానిలో రాయలే ప్రేమాధిక్యమున పెండ్లాడెదనని పలుమార్లు పలికెనట; అదియును పరిహాసముగా పలికినదట; పరిహాసమే నిజమైనదట. ఒక స్త్రీ తన భవిష్యత్తును తలచి నిలబడి యడిగిన హక్కు, పదునైదేండ్లలో ఒక పురుషుని సరసపు పలుకుగా మాఱిపోయినది. మన నాటకములును, చిత్రములును, బొమ్మల పుస్తకములును తీసికొన్నది నూనిజ్ కథనే గాని పేస్ వాక్యమును గాదు. నూనిజ్ కథలో రాత్రి యున్నది, వెంబడించుట యున్నది, రంగమునకు పనికివచ్చు కలహ మున్నది. పేస్ వాక్యములో ఉన్నది ఒక బేరము మాత్రమే. బేరము శృంగారము గాదని మన కథకుల నమ్మిక కాబోలు.

తిమ్మరుసు చేసిన పరిష్కారమును గూడ చూడుడు. రాజు పట్టు విడువడని యెఱిగి, ఆ మంత్రి లోకనింద రాకుండ కార్యము నెఱవేర్చెదనని చెప్పెనట. ముందుగా రాజవంశపు కన్య నొకతెను వెదకి రాయలకు పెండ్లిచేసెను. ఆ పెండ్లివేడుకలు ముగియగనే ఆ కన్యను, ఈ ప్రియురాలిని ఒక్క మందిరముననే ప్రవేశపెట్టి, దానికి ఎత్తయిన గోపురమొకటి చేర్చి అందు ఆమెను నిలిపెను. మంత్రి చాతుర్యమునకు ఈ దృష్టాంతమును చెప్పి మెచ్చుకొనువారు కలరు. నాకు మాత్రము ఆ పేరు తెలియని రాచకన్యయే మాటిమాటికి గుర్తుకు వచ్చుచుండును. ఒక స్త్రీకి గౌరవము కల్పించుటకు మఱియొక స్త్రీని తెరగా వ్రేలాడదీయుట చాతుర్యమే కావచ్చును, న్యాయమని యెట్లనగలము? ఆ కన్య పెండ్లి తనకొఱకు జరుగలేదని ఎన్నటికైన తెలిసికొని యుండదా?

నూనిజ్ మఱియొక సంగతి చెప్పెను. ఆమెమీది ప్రేమచేత రాయలు నాగలాపురమను పట్టణమును కట్టించెనట. పేస్ కూడ ఇట్లే వ్రాసెను. ఈ విషయమున ఇరువురిని నమ్ముటకు వీలు లేదు. నాగలాంబ యనునది రాయల తల్లి పేరు. తల్లి పేరుగల పట్టణమును ప్రియురాలికై కట్టెనని విదేశీయులు పొరపడుట వింత గాదు, వారు వీథిలో విన్న మాట వ్రాసికొన్నారు. మన ప్రాంతముననే, సత్యవేడు త్రోవలో వేదనారాయణస్వామి వెలసిన నాగలాపుర మున్నది. రాయలు తల్లిపేర వెలయించినదే యని స్థలజ్ఞులు చెప్పుదురు. ప్రియురాలిపేర పట్టణము గట్టినాడన్న మాట వినుటకు మధురముగా నుండునేమో గాని, పట్టణము తల్లిదనియే నమ్మదగును.

ఇక చంద్రగిరివారి వాదన. పట్టాభిషేకమునకు పూర్వము రాయలు చంద్రగిరి కోటలో నుండెననియు, చిన్నాదేవిని ఆయన మొట్టమొదట చూచినది అక్కడనే యనియు ఆ చుట్టుపట్ల ప్రతీతి. నూనిజ్ ఆ ప్రేమ విజయనగరమున జరిగినదన్నాడు. ప్రతీతికి సాక్ష్యము లేదు. అయినను దానిని నేను తోసివేయను. ఏలయన ఒక యూరివారు, తమ కోటలోనే ఒక నర్తకి చక్రవర్తిని కలిసికొన్నదని గర్వముతో చెప్పుకొనుట ఒక మంచి సూచన. ఇంటికి వచ్చిన కోడలి పుట్టుకను దాచి చెప్పుకొను లోకమున ఇది తక్కువ మాట గాదు. కోటలో రాణిమహలని పిలువబడు కట్టడము దళపతి నివాసమో, గుఱ్ఱపుసాలయో యై యుండునని పరిశోధకులలో కొందఱి యూహ. రాణి యుండెనని మనవారు చూపు చోట సేనాని యుండెననుట ఈ కథకు తగినట్లే యున్నది.

చిన్నాదేవి విడిచివచ్చినది ఏమి? ఈ ప్రశ్నను కథకులెవరును వేయరు. వారి దృష్టిలో ఆమె బురదలోనుండి పైకి తీయబడినది. విడిచినదానికి విలువ లేదు, పొందినదానికే విలువ. కాని పేస్ తాను కన్నులార చూచినది వ్రాసిన భాగములు వేఱొక విధముగా చెప్పుచున్నవి. నగరములోని మంచి వీథులందు ఆ స్త్రీల యిండ్లు వరుసలుగా నుండెడివి. వారిలో నొకతెకు లక్ష పర్దావుల ధనము కలదని విని, తాను చూచిన యాభరణములనుబట్టి దానిని నమ్మెదనని అతడు వ్రాసెను. మహానవమి యుత్సవములలో వారు ధరించిన నగల బరువుకు వారి చేతులను ఇతర స్త్రీలు పట్టుకొని నడిపింపవలసి వచ్చెడిదట.

పేస్ రాజనగరులోని నాట్యశాలనుగూడ చూచెను. అతని వ్రాతలోని యీ భాగము నాకు మిక్కిలి ప్రియము. ఆ శాల గోడలపై చెక్కిన ఫలకములలో ఒక్కొక్క నృత్తము ముగియునప్పుడు నిలువవలసిన భంగిమ చూపబడి యుండెను. అభ్యసించునది తన భంగిమను మఱచినయెడల ఆ ఫలకమువైపు చూచి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. శాల చివర, చేతులతో పట్టుకొని వ్రేలాడి ఒడలిని, కాళ్లను సాగదీసికొనుటకు తగిన చోటును ఏర్పఱచి యుంచిరి. దీనిని చదివినవారికి నాట్యమన్నది విలాసము గాదని, మల్లుని సాధనవలె ఎముకలకు, కండరములకు సంబంధించిన కఠినవిద్య యని తెలియును. ఏండ్లతరబడి ప్రతి ప్రాతఃకాలమున ఒడలు వంచి నేర్చినగాని ఆ విద్య అబ్బదు. చిన్నాదేవి అట్టి విద్య నెఱిగిన స్త్రీ యైనచో, రాణివాసమున నడుగిడినపుడు ఆమె ద్వారమువెలుపల విడిచినది అపకీర్తి మాత్రమే కాదు.

రాణివాసమున్న తీరునుగూడ ఆ పేస్ యే చెప్పెను. దేవేరులను పరపురుషులెవరును చూడరాదు. వారు బయలుదేరినచో మూసిన పల్లకులలోనే. నిన్నటివఱకు పదివేలమంది కన్నులెదుట నిలిచిన స్త్రీ అసూర్యంపశ్య యయ్యెను. అయితే అతడు చెప్పిన మఱియొక్క మాట నన్ను చిరకాలము వెంటాడినది. దేవాలయ నర్తకులకు రాణుల సమక్షమునకు పోవు నధికార ముండెను. వారితో కూర్చుండి తాంబూలము సేవించు నధికారమును ఉండెను. ఎంత గొప్పవారికైనను, మఱియెవ్వరికిని ఆ గౌరవము లేదట. ఆ తాంబూలపు పళ్లెమునకు ఇటు రాణిగా కూర్చుండినది ఒకప్పుడు అటు కూర్చుండదగిన స్త్రీ. అవతలివారు రంగముమీది ముచ్చటలు చెప్పియుందురు. కొత్తగా వచ్చిన పదమును పాడియు చూపియుందురు. ఈమె వినుచు నుండవలెను. మన నాటకకర్తలకు ఇంతకంటె గొప్ప ఘట్టము కావలెనా? అర్ధరాత్రి రాజును మంత్రి పట్టుకొనుటనే వారు వ్రాసికొనుచున్నారు.

ఇక శిలను విందము. పోర్చుగీసువారు విన్నది వ్రాసిరి. తిరుమల శాసనములు ఇచ్చినది వ్రాసినవి. దేవస్థానమువారు 1930 తరువాత ఈ శాసనములను సంపుటములుగా ప్రకటించి గొప్ప యుపకారము చేసిరి. 1513వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన రాయలు తొలిసారి స్వామి దర్శనమునకు వచ్చెను. ఆయన రత్నఖచితమైన కిరీటమును, ఇరువదియైదు వెండి హారతిపళ్లెములను సమర్పించెను. ఆ సందర్భముననే చిన్నాదేవియు తిరుమలదేవియు స్వామికి పాలు నివేదించుటకై చెఱియొక బంగారు గిన్నెను సమర్పించిరి. చెఱియొకటి! రాచబిడ్డకు పెద్దది, నర్తకికి చిన్నది కాదు. ముగ్గురు ముఖ్యదేవేరులకును నివాసమునందును, ఆదాయమునందును భేదము లేకుండ, కలహమునకు తావీయకుండ రాయలు ఏర్పాటు చేసెనని పేస్ వ్రాసిన మాటకు ఈ గిన్నెలే సాక్ష్యము.

మఱుసటి సంవత్సరము రాయలు ఉదయగిరి దుర్గమును గజపతి సైన్యమునుండి గెలిచెను. జయించి మరలివచ్చుచు 1514 జూలై 6వ తేదీన తిరుమలయందు స్వామికి ముప్పదివేల వరహాలతో కనకాభిషేకము చేయించెను. ఆ దినముననే దేవేరులిరువురును ఆభరణములను, స్వామి నివేదనములకై గ్రామములను సమర్పించిరి. పిమ్మట 1515లో కొండవీడు వశమైన యనంతరము అమరావతిలోను రాయలతోపాటు వారిరువురును మహాదానములు చేసిరి. యాత్రలన్నియు దండయాత్రల వెంబడి నడచినవే. కావున చిన్నాదేవి మేడలో కూర్చున్న ముద్దరాలు గాదు, శిబిరము వెంట సాగిన సేనాని భార్య. గుడారముల దుమ్ములోను, ఏనుగుల ఘీంకారములలోను దినములు గడపిన యిల్లాలు.

శాసనములలో ఆమెకు దేవి శబ్దము కలదు, దానకర్త్రిగా స్థానము కలదు. ఆమె పూర్వవృత్తినిగూర్చి ఒక్క యక్షరమును లేదు. దీనిని చూచి మన సంస్కారప్రియులు, శిల ఎంత యుదారమైనదని సంతోషింతురు. నేను అంత దూరము పోను. శిల దాచినదియు నిజమే. శాసనము వ్రాసిన లేఖకునికి రాణి కావలెను, నర్తకి యక్కఱలేదు. అయితే ఆ కాలపు తిరుమల శాసనములలోనే, ఆలయ నర్తకులు తమ సొంత ధనముతో స్వామికి నిబంధనలు ఏర్పఱచిన లేఖనములును కలవు. వారి వృత్తి అక్కడ దాచబడలేదు. అనగా నర్తకిగా నుండి దానము చేయుట నాడు సిగ్గు గాదు. రాణి యైన పిమ్మట తాను నర్తకి నని చెప్పుకొనుటయే చెల్లదు. రెండు గౌరవములలో ఏదో యొక్కటి యెంచుకొనవలెను.

ఈ బేరము మన దేశమున మాత్రమే జరిగినది కాదు. అంతకు వేయి యేండ్లకు పూర్వము కాన్‌స్టాంటినోపుల్ నగరమున థియొడోరా యను నటి యుండెను. రోమకుల ధర్మశాస్త్రమునుబట్టి నాటక వృత్తిలోని స్త్రీని ఉన్నతవంశజులు పెండ్లాడరాదు. జస్టిన్ చక్రవర్తి మేనల్లుడైన జస్టీనియనుడు, అప్పటికి సేనానాయక పదవి వహించినవాడు, ఆమెను వివాహమాడదలచెను. అప్పుడు జస్టిన్ చక్రవర్తి, రంగమును విడిచిపెట్టిన నటికి యోగ్యవివాహము చేసికొను హక్కు కలదని కొత్తచట్టము చేసెను. 525 ప్రాంతమున వివాహము జరిగినది. 527లో ఆమె చక్రవర్తిని యయ్యెను. ప్రొకోపియసు అను చరిత్రకారుడు ఆమె పూర్వజీవితమునుగూర్చి వ్రాసిన దూషణగ్రంథము నేటికిని చదువబడుచున్నది. ఇటలీలోని రవెన్నా నగరపు శాన్ విటాలే ఆలయము 547లో ప్రతిష్ఠింపబడినది. అందు గోడపై రంగురాళ్లతో కూర్చిన ఆమె రూపము బంగారు పాత్ర చేతబట్టి దేవునికి సమర్పించుచు నిలిచియున్నది. బంగారు పాత్ర! తిరుమలలో చిన్నాదేవి యిచ్చినదియు అదియే. రెండు దేశములలోను కథకులు ఆ స్త్రీలకు గతమును మిగిల్చిరి, దేవాలయములు పాత్రను మిగిల్చినవి.

ఆ రోమక చట్టపు మాటలను మరల చదువుడు. రంగమును విడిచిపెట్టిన నటికి వివాహపు హక్కు. విడువనిదానికి లేదు. ఇప్పుడు మన దేశపు చట్టమును చూతము. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణ నిరోధచట్టమును చేసినపుడు, చిత్తూరు జిల్లా ఆ రాజధానిలోనిదే గనుక తిరుపతికిని అది వర్తించినది. ముత్తులక్ష్మీరెడ్డి గారు ఇరువది యేండ్లుగా చేసిన కృషి ఫలించినది. బాలికలను దేవునిపేర ఆ వృత్తికి సమర్పించుట నేరమయ్యెను. అట్లు సమర్పింపబడినంతమాత్రమున స్త్రీ వివాహమున కనర్హురాలు గాదని ఆ చట్టము స్పష్టముగా పలికినది. ఇది నిస్సందేహముగా గొప్ప మేలు. పసిబాలికలను వయస్సు రాకముందే ధనికుల కప్పగించు దురాచారమును రూపుమాపుటకు చట్టము తప్ప వేఱు మార్గము లేకపోయెను. కాని ఆ చట్టమే ఆలయములలోను, దేవుని యూరేగింపులలోను అట్టి స్త్రీలు నాట్యమాడుటను గూడ నిషేధించినది. పదునాలుగువందల యేండ్ల తరువాత మరల అదే బేరము: వివాహము ఈ చేతినుండి పుచ్చుకొనుము, విద్యను ఆ చేతితో అప్పగింపుము.

దురాచారమును ఖండించిన మన పెద్దలు ఈ రెంటిని వేఱుచేసి చూడవలసి యుండెను. బాలికలను అమ్ముట వేఱు, నాట్యమాడుట వేఱు. 1890 తరువాత సాగిన నాచ్ వ్యతిరేకోద్యమపు వ్రాతలు చూచినచో, అమ్మకముకంటె ఆటయే వారికి ఎక్కువ కోపము తెప్పించినట్లున్నది. ఆట వారి కన్నులకు కనబడెడిది, అమ్మకము గోడలవెనుక జరిగెడిది. విద్య ఆ తల్లుల చేతినుండి జాఱి, కొలదికాలములోనే కుటుంబస్త్రీల యిండ్లకు చేరినది, చేరుట మంచిదే. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1940లో జన్మించిన యామినీకృష్ణమూర్తి ఆ విద్యచేతనే లోకప్రసిద్ధి గాంచి, తిరుమల తిరుపతి దేవస్థానమున ఆస్థాన నర్తకి బిరుదము నందెను. 2024లో ఆమె గతించినపుడు దేశమంతయు దుఃఖించినది. ఆ గౌరవమునకు ఆమె సర్వవిధముల తగినది. కాని ఏ స్వామి సన్నిధిలో ఆడుట ఒకరికి నేరమయ్యెనో ఆ స్వామి యాస్థానపు నర్తకి బిరుదమే మఱియొకరికి భూషణమగుటలో, ఆట మాఱలేదు, ఆడువారి పుట్టుకయే మాఱినదని ఒప్పుకొనక తప్పదు.

రంగస్థలముమాట వచ్చినది గనుక ఒక మాట. మన జిల్లాలో నాటకకళకు చిత్తూరు శ్రీరామవిలాస సభ పేరొందినది. ఆ సభలో వి. నాగయ్యగారు ‘సారంగధర’లో చిత్రాంగి వేషము ధరించి మెప్పు పొందిరి. పిమ్మట చలనచిత్రములలో భక్తుల పాత్రలచే చిత్తూరు నాగయ్యగారుగా ఆంధ్రదేశమున నిలిచిరి. పురుషుడు చిత్రాంగియై కామవికారములు ప్రదర్శించినను ఆయన గౌరవమునకు లోపము రాలేదు, రాగూడదు కూడ. ఆ పాత్రనే ఒక స్త్రీ ధరించియున్నచో ఆమెను ఏ యింటివారు కోడలిగా తెచ్చుకొని యుందురు? బళ్లారి రాఘవగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, చదువుకొన్న స్త్రీలను రంగమునకు పిలిచినపుడు ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇదియే.

1962లో వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రమును ఈ విమర్శమున విడువరాదు. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రము ప్రజాదరమును, జాతీయ గౌరవమును పొందినది. గుమ్మడి తిమ్మరుసుగాను, రామారావు రాయలుగాను కన్నులకు కట్టినట్లు నటించిరి. చిన్నాదేవి పాత్రను నాట్యమున నిపుణురాలైన ఎల్. విజయలక్ష్మి ధరించెను. ఆమె యాడినది చూడముచ్చటగా నున్నది. అయితే చిత్రము పేరునుబట్టియే బరువెల్ల మంత్రిమీద బడినది. ఆయన త్యాగమునకును, రాజు పశ్చాత్తాపమునకును కథ యంకితమైనది. చిన్నాదేవికి దక్కినది ఆట మాత్రమే. చరిత్రలో రాణివాసము ఆమె యాటను తీసికొని బిరుదమును మిగిల్చినది. చలనచిత్రము ఆమె బ్రతుకును తీసికొని ఆటను మిగిల్చినది. రెండును ఒక్కచోట నుండుటకు మాత్రము ఎవరును ఒప్పుకొనలేదు.

వివాహము రాయలనుండి ఏమి తీసికొన్నదో యెవరును అడుగరు. ఆయన చిన్నాదేవిని పెండ్లాడిన తరువాతనే ఉదయగిరిని, కొండవీటిని గెలిచెను. ఆ తరువాతనే ‘ఆముక్తమాల్యద’ రచించెను. కత్తి విడువుమని గాని, గంటము విడువుమని గాని ఏ మంత్రియు ఆయనకు చెప్పలేదు. నేటి మన యిండ్లలో, ఒక నటి సైనికోద్యోగి నెవరినో వివాహమాడినదని వార్తాపత్రికలో చదివినపుడు, ఇల్లాండ్రు మొట్టమొదట అడుగు ప్రశ్న, “ఇక ఆమె నటించుట మానునా?” అని. ఆయన ఉద్యోగము మానునా యని ఎవరును అడుగరు. ప్రశ్నించువారిలో స్త్రీలే యెక్కువమంది యుండుట నన్ను కొంత బాధించిన సంగతి.

పేస్ వ్రాసిన ఆ చిన్నవాక్యమును ఏ నాటకకర్తయైన చేతికి తీసికొని, మాట యడుగుచున్న చిన్నాదేవితో తొలి యంకము తెరయెత్తినచో, రెండవ యంకమున ఆ పేరులేని రాచకన్యకును కొన్ని మాటలు పెట్టవలెను. తెరవెనుక నుంచినది మంత్రియే గాని, ఆమె యెంచుకొన్న చోటు గాదు. తాంబూలపు పళ్లెముతో మూడవ యంకమును నడుపవచ్చును. అర్ధరాత్రి ఘట్టమును పూర్తిగా విడిచిపెట్టవచ్చును. దానిని చూచియే యున్నాము.